వేలెత్తితే గట్టిమేళం

గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో సంగీత శాఖను ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే గుర్తులేదు. పెట్టారు గనక ఉంది. సైకిల్ స్టాండు దాటి వెనక్కి వెళ్తే పొడవాటి రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. వెనకటికి కోళ్ళ మీద పరిశోధన కోసం కట్టింది. కోళ్ళకు తెగులు తగిలి పరిశోధన అర్ధాంతరంగా ముగిశాక, ఖాళీ షెడ్డు వృథా ఎందుకని సంగీతాన్ని అందులో పెట్టారు. వానాకాలం వస్తే ఇప్పటికీ ఆ పాత వాసన లేస్తుంది. ఆ వాసనలోనే ఇన్నేళ్ళుగా సన్నాయి, డోలు డిప్లొమా నడుస్తోంది.

ఆ శాఖకు అధ్యక్షురాలు, అధ్యాపకురాలు, పొద్దున్నే తాళం తీసేది, సాయంత్రం ఫ్యాన్లు ఆపేది, అన్నీ డాక్టర్ హైమావతే. సన్నాయి ఊదే ఆడవాళ్ళు అరుదు. ఊదడమే కాక ఆ ఊదడం మీద పరిశోధన కూడా చేసినవాళ్ళు మరీ అరుదు. ఆమె పరిశోధన చూడ్డానికి చాలా చిన్న సంగతి. పెళ్ళిలో మేళగాళ్ళు నలుగురు కూర్చుంటారు. వాళ్ళ ముందు నిలబడి చేతులు ఊపేవాడు ఎవడూ ఉండడు. అయినా అందరూ ఒక్కసారే ఎత్తుకుంటారు, ఒక్కసారే ఆపుతారు. అదెలా అని హైమావతి ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళ వెంట తిరిగింది. పిలిచిన పెళ్ళికీ వెళ్ళింది, పిలవని పెళ్ళికీ వెళ్ళింది, ఏ ఇంటి గుత్తివంకాయ బాగుంటుందో కూడా తెలుసుకుంది.

చివరికి తేలింది ఇది. సన్నాయి ఊదే మనిషి ఊపిరి పీల్చుకునేటప్పుడు భుజం రవ్వంత లేస్తుంది. శబ్దం రాకముందే డోలు మనిషికి అది తెలిసిపోతుంది. భుజం లేస్తే అందుకుంటాడు, ఊపిరి బిగబడితే ఆగుతాడు. కంటితో చూస్తున్నావా అని అడిగితే, లేదండి, వింటున్నాను అంటాడు. మేళమంటే వాయించడం కాదు, ఒకరినొకరు వినడం అని హైమావతి తేల్చి చెప్పింది. డాక్టరేటు ఇచ్చారు. తర్వాత ఆ పుస్తకాన్ని గ్రంథాలయంలో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. అప్పటికి దానికదే ఉపయోగం.

ఒకనాడు ఉపకులపతి ఆచార్య నీలకంఠరావుగారి నుంచి పిలుపు వచ్చింది. వాణిజ్యశాస్త్రం నుంచి వచ్చిన మనిషి, ఎదుటివాళ్ళు నమస్కారం పెట్టినా అందులో లాభమెంతో చూసే రకం.

"అమ్మా హైమావతీ, కూర్చోండి. రాజధాని నుంచి పరిశోధనా ప్రయోజనీకరణ మండలివారు వస్తున్నారు. ఇకమీదట పరిశోధన అనగా పరికరం. పరికరముగా పరిణమించని పరిశోధన జరగనట్లే లెక్క. మండలివారికి మీ శాఖ ఒక పరికరం చూపించాలి. చూపించలేకపోతే..." అని ఆయన కిటికీలోంచి రేకుల షెడ్డు వైపు చూశాడు.

"చూపించలేకపోతే ఏంటండీ?"

"మళ్ళీ కోళ్ళు పెట్టే ఆలోచన ఉంది."

ఆ షెడ్డు పోతే డిప్లొమా పోతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ సన్నాయి నేర్పే చోటు ఇంకొకటి లేదు. ఆ సాయంత్రం హైమావతి డోలు వీర్రాజును, సన్నాయి మస్తాన్ సాహెబును పిలిచి విషయం చెప్పింది. ఇద్దరూ పెళ్ళిళ్ళు లేని రోజుల్లో శాఖలో పాఠం చెప్పేవాళ్ళే.

"పరికరమంటే ఏం చూపిస్తామండీ అమ్మగారూ?" అన్నాడు వీర్రాజు. "నా డోలు పరికరం కాదేంటండీ?"

"అది పాతదట. కొత్తది కావాలిట."

"పోనీ తోలు మార్పిస్తానండి, ఆయ్."

మండలివారి ముందు ప్రదర్శన పాలకమండలి హాల్లో పెట్టారు. మండలి తరఫున వచ్చిన పెద్దమనిషి సంయుక్త సంచాలకులు చక్రధర్‌గారు. ఏ వస్తువు చూపించినా దాన్ని బోర్లించి అడుగు భాగం చూసే అలవాటు ఆయనకి. హైమావతి తన సిద్ధాంతమంతా ఓపిగ్గా విప్పి చెప్పింది. భుజం లేవడం, ఊపిరి బిగబట్టడం, వినడం అన్నీ చెప్పింది. మస్తాన్ సాహెబు పక్కనే కూర్చుని ఉండగా తను సన్నాయి పట్టుకుని ఊపిరి పీల్చి చూపించింది, వీర్రాజు అందుకుని చూపించాడు. చక్రధర్‌గారు చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నాడు.

"బాగుందమ్మా. కానీ దీన్ని ఎక్కడ బిగిస్తారు?"

"బిగించేదేం లేదండీ. ఒకరి భుజాన్ని ఇంకొకరు..."

"భుజమా? భుజానికి మార్కెట్ లేదమ్మా."

హైమావతి మళ్ళీ మొదటినుంచి చెప్పబోయింది. ఆ సందులో దూరాడు జోగారావు. ఈయన ఆర్థిక సంఘ సభ్యుడు, పాత ఆడిటరు, చెవిలో జోరీగ లాంటి మనిషి. బయటివాళ్ళు వచ్చారంటే ఆయనకి పూనకం వస్తుంది.

"అధ్యక్షా, మండలివారు ఎలాగూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మన అతిథిగృహానికి రెండో అంతస్తు కట్టినట్టు బిల్లు చెల్లించాం. నేను కిందనుంచి చూశాను, మేడెక్కి చూశాను. మరి ఆ రెండో అంతస్తు..."

ఉపకులపతిగారి ముఖం కందగడ్డ అయింది. ఒక్క నిమిషం ఆగవయ్యా అన్నట్టు కుడిచేతి చూపుడువేలు పైకెత్తి ఆడించాడు.

అంతే. పెళ్ళిపందిట్లో పంతులుగారు వేలెత్తి ఆడించాడంటే మేళగాడికి అర్థం ఒక్కటే. తాళి కట్టేస్తున్నారు, గట్టిమేళం! వీర్రాజు చెయ్యి వీర్రాజు ఆజ్ఞ కోసం కూడా ఆగలేదు. డోలు ధనధనలాడింది, మస్తాన్ సాహెబు బుగ్గలు పూరించాడు, హాలు కిటికీ అద్దాలు అదిరాయి. రిజిస్ట్రారు సోమయాజులుగారైతే పాపం పుట్టిన దగ్గర్నుంచీ పెళ్ళిళ్ళలో పెరిగిన మనిషి. చేతికందిన ప్లేటులోంచి బూందీ గుప్పెడు తీసి ఉపకులపతిగారి నెత్తిన అక్షింతల్లా చల్లేశాడు. వెనక వరసలో ఇద్దరు లేచి దణ్ణం పెట్టారు. మోత ఆగేసరికి అందరి ముఖాలూ చిరునవ్వుతో ఉన్నాయి. జోగారావు ఏమడుగుతున్నాడో జోగారావుతో సహా ఎవరికీ గుర్తులేదు.

చక్రధర్‌గారు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఇదేమిటమ్మా?"

"గట్టిమేళమండీ," అంది హైమావతి సిగ్గుతో చచ్చిపోతూ. "క్షమించాలి. ముహూర్తం వేళ ఎవరన్నా తుమ్మినా, ఏడ్చినా, అశుభం మాట అన్నా పెళ్ళికొడుకు పెళ్ళికూతురు చెవిన పడకుండా గట్టిగా వాయిస్తారు. అది ఆచారం. వీర్రాజు పొరపాటున..."

"పొరపాటు కాదమ్మా, ఆవిష్కరణ!" అన్నాడు చక్రధర్‌గారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. "నేను సర్వీసంతా సమావేశాల్లోనే గడిపాను. ఎన్ని ప్రశ్నలు! ఎన్ని తుమ్ములు! ఇన్నాళ్ళూ ఈ పరికరం ఎక్కడ దాచారమ్మా?"

నిధులు అక్కడికక్కడే మంజూరయ్యాయి. పథకం పేరు 'మంగళధ్వని ఆధారిత చర్చా నియంత్రణ పరికరం'. హైమావతి ప్రధాన పరిశోధకురాలు. ఆమె అంది, "అయ్యా, నా పరిశోధన వినడం గురించండీ. ఇది వినపడకుండా చెయ్యడం. రెండూ ఎలా ఒకటవుతాయి?"

"అదేనమ్మా ప్రయోజనీకరణ అంటే," అన్నాడు చక్రధర్‌గారు ప్రేమగా. "వాన మీద పరిశోధన చేస్తే ఏమొస్తుంది? గొడుగు వస్తుంది. గొడుగు తడుపుతుందా?"

దీనికి జవాబు ఉండాలి. ఇంటికి వెళ్ళి రాత్రంతా ఆలోచించినా హైమావతికి తట్టలేదు. పోనీలే, షెడ్డయితే మిగిలింది కదా అనుకుంది. పప్పులో కాలేసింది అక్కడే.

*

పరికరం మొదటి పరీక్ష హాస్టల్ కుర్రాళ్ళ మీద జరిగింది. వాళ్ళు పచ్చగా ఉన్న నీళ్ళ సీసా ఒకటి తెచ్చి ఉపకులపతిగారి బల్ల మీద పెట్టారు. "సార్, ఈ నీళ్ళు మీరు ఒక్క గుక్క..." అన్నారు. వేలు లేచింది. గట్టిమేళం మోగింది. కుర్రాళ్ళు మొదట తెల్లబోయారు, తర్వాత కుర్రాళ్ళు కదా, కాళ్ళు ఆగలేదు. చొక్కాలు పైకి మడిచి చిందులేసుకుంటూ మెట్లు దిగిపోయారు. సీసా మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. సోమయాజులుగారు కార్యక్రమ నివేదికలో 'తాగునీటి సమస్య విద్యార్థుల హర్షాతిరేకముల నడుమ మంగళప్రదముగా ముగిసినది' అని రాశాడు.

ఆ తర్వాత ఇక వెనక్కి చూసుకోలేదు. ఏయే ధ్వనులు అమంగళమో తేల్చడానికి ఉపసంఘం వేశారు. తుమ్ము, దగ్గు, ఏడుపు మొదటి పూటే తేలిపోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక సభ్యుడు 'ఎందుకు' అనే మాటను కూడా చేర్చాలన్నాడు.

"ఎందుకు?" అంది హైమావతి.

"చూశారా! విన్నారా! ఒళ్ళు జలదరించలేదూ?" అన్నాడాయన మిగతావాళ్ళ వైపు తిరిగి. అందరికీ జలదరించింది. ఎందుకు చేరింది. దాని వెనకే ఎప్పుడు, ఎంత, ఎక్కడ కూడా చేరాయి. 'ఎవరు' మీద కాస్త చర్చ జరిగింది గానీ, అది అన్నిటికంటే ప్రమాదమని తేలింది.

నియమావళి అచ్చయి వచ్చింది. గట్టిమేళము మోగుచుండగా ఉచ్చరింపబడిన ఏ మాటయు ఉచ్చరింపబడినట్లు పరిగణింపబడదు. మేళము లేని సమావేశము చెల్లదు. తీర్మానాలను ఉపకులపతి స్వయంగా సభలో చదివి వినిపిస్తేనే అమల్లోకి వస్తాయన్న పాత నియమం ఎలాగూ ఉంది, దాన్ని కదపలేదు. ఆ పాత నియమం పక్కన ఈ కొత్త నియమాన్ని పెట్టి చదివినవాడు ఒక్కడూ లేడు. నియమావళిని ఎవడు చదువుతాడండీ?

వేళ్ళతో మాత్రం చిక్కొచ్చింది. గ్రంథాలయాధికారి చెవి గోక్కుంటే మోగింది. ఒక టీ తెమ్మని ప్యూనుకి సైగ చేస్తే మోగింది. చరిత్ర ఆచార్యులొకాయన తలుపు దగ్గర గాలి ఎటు వీస్తోందో చూద్దామని వేలెత్తి, తన పదోన్నతి అంశాన్ని తనే ముంచేసుకున్నాడు. దాంతో ఉపకులపతిగారి కుడిచేతి చూపుడువేలుకు తప్ప మరే వేలికీ మేళం స్పందించరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ వేలికి బీమా చేయించారు. ఆయన పెరుగన్నం చెంచాతో తినడం మొదలుపెట్టాడు.

సంగతి బయటికి పొక్కింది. ఫిర్యాదులు పుచ్చుకునే ప్రతి కార్యాలయానికీ పరికరం కావాల్సొచ్చింది. పక్క ఊరి మునిసిపాలిటీవాళ్ళు కావాలన్నారు, కరెంటువాళ్ళు కావాలన్నారు. ఒక స్కూలు హెడ్మాస్టరు తల్లిదండ్రుల సమావేశానికి కావాలని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. జిల్లాలో ఉన్న మేళగాళ్ళందరినీ ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. వీర్రాజు 'జ్యేష్ఠ సమన్వయ సలహాదారు' అయ్యాడు. మెళ్ళో ఫోటోతో కార్డు వేశారు. కార్డు పడ్డ రోజునుంచి వీర్రాజు నడక మారింది.

ఇక పెళ్ళిళ్ళకి మేళాలు దొరకలేదు. ఒకరోజు హైమావతి షెడ్డుకి వచ్చేసరికి గుమ్మంలో ఒక రైతు వీర్రాజును బతిమాలుతున్నాడు.

"ఒరే వీర్రాజూ, నా పెళ్ళికి మీ నాన్న వాయించాడు. మా అమ్మాయి పెళ్ళికి నువ్వు రాకపోతే ఎలారా?"

"తమ ప్రతిపాదన పరిశీలనలో ఉందండి," అన్నాడు వీర్రాజు ఎటో చూస్తూ.

"ముహూర్తం ఎల్లుండిరా బాబూ!"

"ముహూర్తమును తగు సమయమునకు వాయిదా వేసుకోగలరండి."

రైతు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. హైమావతికి ఒళ్ళు మండింది. "ఏం వీర్రాజూ, నీకేం పోయేకాలం? ఆ భాషేంటి?"

వీర్రాజు ఉలిక్కిపడి కార్డు చేత్తో మూసుకున్నాడు. "నాకూ తెలీడం లేదండీ అమ్మగారూ. ఇది మెళ్ళో ఉన్నంతసేపూ నోరు దానంతటదే అలా తిరుగుతుందండి. మొన్న ఇంట్లో మా ఆడది కూరేం చెయ్యమంటావంటే, సముచిత నిర్ణయం తీసుకొనుడీ అన్నానండి. అట్లకాడ తీసుకుందండి, ఆయ్."

"ఎల్లుండి ఆ పెళ్ళికి వెళ్తున్నావ్. నాకు తెలీదు."

వెళ్ళాడు. జ్వరమని సెలవు పెట్టి వెళ్ళాడు. జ్వరంతో సన్నాయి, జ్వరంతో డోలు, జ్వరంతో తాళం, అందరూ వెళ్ళారు.

ఒక్క మంచి మిగిలింది. ఆదివారం సాయంత్రాలు మేళగాళ్ళు షెడ్డుకి వచ్చేవాళ్ళు. గుమ్మం పక్క మేకుకి కార్డులు తగిలించి, హైమావతితో కలిసి కూర్చునేవాళ్ళు. వారమంతా ధనధనలాడించిన చేతులు అక్కడ మెత్తబడేవి. కీర్తన ఎత్తుకుంటే ఆమె ఊపిరితో పాటు లేచేవాళ్ళు, ఆమె ఊపిరితో పాటు దిగేవాళ్ళు. అలాంటి ఒక ఆదివారం ఆమె చరణం చివర ఊపిరి బిగబట్టి ఉండగా, డిప్లొమా విద్యార్థి ఒకడు సందేహం అడగడానికి చూపుడువేలు ఎత్తి ఆడించాడు. కార్డులు మేకున ఉన్నాయి కాబట్టి అక్కడ ఉత్తర్వులూ లేవు, ఉపకులపతీ లేడు. పెళ్ళి అలవాటు ప్రకారం మోగాలి. మోగలేదు. వీర్రాజు చెయ్యి గాల్లోనే ఆగి ఉంది. ఆమె ఊపిరి వదిలాకే దిగింది. హైమావతి అది గమనించింది, గమనించి ఊరుకుంది.

*

మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి ఉపకులపతిగారు లేచి నిలబడి ఆహ్వానించాడు. చక్రధర్‌గారు కూడా వచ్చి ఉన్నాడు. గోడ పక్కన మేళం సిద్ధంగా ఉంది.

"అభినందనలమ్మా!" అన్నాడు ఉపకులపతి. "మీ పరిశోధన సంపూర్ణముగా పరికరమైపోయిందని మండలివారు ధ్రువీకరించారు. ఇక అందులో పరిశోధన ఏమీ మిగల్లేదు. కాబట్టి సంగీత శాఖను మూసేస్తున్నాం."

హైమావతి విన్నది సరిగానే విన్నానా అనుకుంది. "అదేంటండీ! పరికరం చెయ్యకపోతే మూసేస్తామన్నారు. చేశాంగా!"

"చేశారు కాబట్టే. అన్నం వండాక పొయ్యి ఆర్పమా?"

"షెడ్డు స్థానంలో గట్టిమేళ ఉత్కృష్టతా కేంద్రం వస్తుంది," అన్నాడు చక్రధర్‌గారు. "సంచాలకులుగా నిర్వహణశాస్త్రం నుంచి ఒకరిని చూశాం. ఆయనకు చెవుడు. ఈ పదవికి అంతకన్నా అర్హత ఏం కావాలమ్మా?"

"మరి పిల్లలండీ? డిప్లొమా ఎవరు చెప్తారండీ? రేపు ఈ వీర్రాజు, ఈ సాహెబుగారు పెద్దవాళ్ళైపోతే ఈ మేళం వాయించేవాళ్ళు ఎక్కడినుంచి..."

ఎక్కడ అన్న మాట పడగానే ఉపకులపతి వేలు లేచింది. గట్టిమేళం మోగింది. హైమావతి ఇంకా ఏదో అరుస్తూనే ఉంది. తన గొంతు తనకే వినపడలేదు. వీర్రాజు తల వంచుకుని వాయిస్తున్నాడు, కళ్ళెత్తి చూడలేదు. ఆమె ఏడుస్తూ బయటికి వచ్చేసింది. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళ వెంట తిరిగింది ఇందుకా అని తనని తనే తిట్టుకుంది.

సాయంత్రం వీర్రాజు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నా నోరే నొక్కేశావు వీర్రాజూ."

"వేలు లేచిందండి. పైగా కార్డు మెళ్ళో ఉందండి."

"నేను ఎదురుగానే ఉన్నాను కదా. నన్ను వినలేదేం?"

"మీరు అరుస్తున్నారండి అమ్మగారూ," అన్నాడు వీర్రాజు. "అరిచేవాళ్ళని ఎలా వింటామండి? మీరు ఊపిరే తీసుకోలేదండి."

హైమావతి ఏడుపు ఆపి అతని వైపు చూసింది. తన పుస్తకంలో ఉన్న ముక్కే కదా, తనకే ఎందుకు గుర్తు రాలేదు!

*

పాలకమండలి సమావేశం రోజున హాలు నిండిపోయింది. ప్రధాన పరిశోధకురాలి కుర్చీ బల్ల చివర, మేళం పక్కనే వేశారు. హైమావతి పట్టుచీర కట్టుకుని వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. గొడవ చేస్తుందేమోనని భయపడ్డ సోమయాజులుగారు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన పీలిస్తే ఏమీ కాలేదు.

ఉపకులపతిగారు తీర్మానం అందుకుని గొంతు సవరించుకున్నాడు. "విశ్వవిద్యాలయ విశాల ప్రయోజనములను దృష్టియందుంచుకొని, సంగీత శాఖను..."

హైమావతి ఊపిరి పీల్చింది. భుజం రవ్వంత లేచింది.

డోలు ధనధనలాడింది. హాలు దద్దరిల్లింది. మోత ఆగాక ఉపకులపతి చిరాగ్గా తన వేలు చూసుకున్నాడు. అది బల్ల మీదే ఉంది.

"ఎవరు... అంటే, ఏ వేలు అది?"

అందరూ తమ తమ వేళ్ళు చూసుకున్నారు. "సంగీత శాఖను మూసి..." అని ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా గట్టిగా మోగింది. ఒక సభ్యుడు అలవాటుగా లేచి దణ్ణం పెట్టాడు.

"అందరూ చేతులు బల్ల మీద పెట్టండి!" అని అరిచాడు ఉపకులపతి. ఆచార్యులు, సంచాలకులు, పండితులు, అందరూ ఒకటో తరగతి పిల్లల్లా రెండు చేతులూ బోర్లా పెట్టి కూర్చున్నారు. చక్రధర్‌గారు కూడా పెట్టాడు. హైమావతి అందరికంటే ముందు పెట్టింది. ఉపకులపతి బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్క చెయ్యీ పరీక్షించి, తిరిగొచ్చి కాగితం ఎత్తాడు.

"సంగీత..."

మోగింది.

"అధ్యక్షా," అన్నాడు సోమయాజులు నియమావళి తిరగేస్తూ. "మనవి చేసుకోవాలి. గట్టిమేళంలో పలికిన మాట పలికినట్టు కాదు. అంటే తమరు ఇంతవరకు ఏమీ చదవలేదు. చదివి వినిపించని తీర్మానం..."

"మేళాన్ని బయటికి పంపండయ్యా!"

"మేళం లేకపోతే సమావేశం చెల్లదండి."

"వీర్రాజూ! ఎవరి ఆజ్ఞ మీద వాయిస్తున్నావ్?"

వీర్రాజు లేచి నిలబడి, మెళ్ళో కార్డు సవరించుకుని, ఆ కార్డు భాషలోనే చెప్పాడు. "సమన్వయము దానంతటదే కుదురుచున్నదండి. ఆయ్."

చక్రధర్‌గారు ఏదో గ్రహించినట్టు హైమావతి వైపు తిరిగాడు. ఆమె కదలకుండా కూర్చుని ఉంది, చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆయన చేతుల్నే చూశాడు. భుజానికి మార్కెట్ లేదు గనక భుజం వైపు చూడలేదు.

ఈ గందరగోళంలో జోగారావు లేచాడు. పాపం, ఇన్ని సమావేశాల్లో ఆయన లేవడం, మునిగిపోవడం అలవాటైపోయింది. ఇప్పుడూ ఆశ లేకుండానే లేచాడు.

"అధ్యక్షా, అతిథిగృహం రెండో అంతస్తు..."

ఉపకులపతి ప్రాణం లేచొచ్చింది. కనీసం ఇదైనా తన చేతిలో ఉంది. బీమా చేసిన వేలు ఆకాశానికెత్తి ఆడించాడు.

వీర్రాజు పుల్ల పైకి లేచింది. మస్తాన్ సాహెబు సన్నాయి పెదాలకు ఆనింది. ఇద్దరి కళ్ళూ వేలి మీదే ఉన్నాయి, చెవులు మాత్రం పక్క కుర్చీ మీద ఉన్నాయి. హైమావతి ఊపిరి బిగబట్టింది.

పుల్ల గాల్లో ఆగిపోయింది. హాల్లో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఉపకులపతి వేలు ఇంకా ఆడిస్తూనే ఉన్నాడు, ఇటు ఆడించాడు, అటు ఆడించాడు, రెండో చేత్తో ఆ వేలిని పట్టుకుని మరీ ఆడించాడు. జోగారావు మోత కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. ఎంతకీ రాకపోయేసరికి ఒక కన్ను తెరిచాడు. ఇంతవరకు తన ప్రశ్న చివరిదాకా వెళ్ళింది లేదు, చివర ఏముందో ఆయనే గుర్తు తెచ్చుకోవాల్సొచ్చింది.

"ఆ రెండో అంతస్తు ఎక్కడుందండీ?" అన్నాడు మెల్లిగా. "కట్టించిందెవరండీ? దానికి మెట్లు ఎటునుంచండీ?"

అమంగళమైన మాటలన్నీ ఒక్కొక్కటిగా హాల్లో పడ్డాయి. అందరూ విన్నారు. జరిగింది రాయడం అలవాటు తప్పిన సోమయాజులుగారు పెన్ను మూత తీసి, విన్నది విన్నట్టు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు అన్ని ముఖాలూ ఉపకులపతి వైపు తిరిగాయి. ఆయన వేలు ఇంకా గాల్లోనే ఉంది.

హైమావతి ముఖం ఎర్రబడింది, చెవులు గుయ్యిమంటున్నాయి. అయినా సన్నాయి ఊదే ఆడది. జవాబు వచ్చేదాకా ఊపిరి వదిలే ఉద్దేశం ఆమెకు లేదు.